చక్రం ఆగితే బొమ్మ మాయం - కిరణం మాత్రం అక్కడే!

లేజరు కెమెరా దగ్గర పనిచేసే కుర్రాళ్లకు రాట్నం చెప్పే జాగ్రత్త

పొందూరు: రాట్నం తిరుగుతున్నంతసేపే నూలు వస్తుంది. చక్రం ఆగితే కదురు ఆగుతుంది, దారం ఆగుతుంది. పొందూరులో ఇది పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే. ఈ జిల్లా నుండి ఉపాధి కోసం విశాఖపట్నం, హైదరాబాదు, ఇంకా దూరపు ఊళ్లకు వెళ్లే యువకులలో కొందరికి అక్కడి కర్మాగారాల్లో మరో రకం చక్రం ఎదురవుతుంది. అది లేజరు కిరణాన్ని ఫొటో తీసే కెమెరా ముందు తిరిగే చక్రం. ఇంగ్లీషులో దానిని ‘చాపర్’ అంటారు. వెలుగును ముక్కలుగా తరిగేది అని అర్థం.

ఈ చక్రానికీ రాట్నానికీ ఒక పెద్ద తేడా ఉంది. రాట్నం ఆగితే పని నిజంగానే ఆగుతుంది. చాపరు ఆగితే మాత్రం తెర మీద బొమ్మ ఒక్కటే మాయమవుతుంది. కిరణం ఆగదు. బొమ్మ పోయింది కనుక యంత్రం ఆగిపోయిందనుకుని తల దూర్చినవాడి కన్ను క్షణంలో పోవచ్చు. చిన్న విషయంగా కనబడే ఈ తేడా తెలియడం ఎంతో అవసరం.

కన్నే పెట్టుబడి

పొందూరు సన్నఖద్దరుకు పేరు రావడానికి కారణం చేతివేళ్లు ఎంతో, కళ్లు కూడా అంతే. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, 100 నుండి 120 కౌంటు వరకు సన్నని నూలు తీయాలంటే చూపు చురుకుగా ఉండాలి. దారంలో ఒకచోట లావు, ఒకచోట సన్నం ఉంటే మగ్గం మీద తెగిపోతుంది. 1949లో ఇక్కడ ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడిన నాటి నుండి నేటి వరకు, వడికేవారికైనా నేసేవారికైనా చూపు తగ్గితే పని తగ్గినట్టే. అలాంటి ఇళ్ల నుండి వెళ్లిన పిల్లలకు కంటి విలువ వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. కొత్త యంత్రం గుణం తెలియకపోవడం వల్లనే ముప్పు వస్తుంది.

లేజరు అంటే ఏమిటి?

మామూలు దీపం వెలుగు నాలుగు దిక్కులా పరుచుకుంటుంది. లేజరు వెలుగు అలా కాదు. ఒకే రంగులో, ఒకే దిక్కుగా, చెదిరిపోకుండా సన్నని గీతలా సాగుతుంది. 1960 మే 16న అమెరికాలో థియోడర్ మైమన్ అనే శాస్త్రవేత్త కెంపు కడ్డీతో మొదటి లేజరును వెలిగించాడు. 1964లో మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కార్బన్ డయాక్సైడు లేజరును కనిపెట్టాడు. నేడు పట్టణాల్లో అక్రిలిక్ నేమ్‌బోర్డులు, చెక్క, గుడ్డ, తోలు కోసే యంత్రాల్లో ఎక్కువగా పనిచేసేది ఈ రకమే.

మన రాష్ట్రంలోనూ పక్క రాష్ట్రంలోనూ లేజరు కొత్తేమీ కాదు. తిరుపతికి చేరువలోని గాదంకిలో 1998 నుండి లేజరు కిరణాన్ని ఆకాశంలోకి పంపి పైవాతావరణాన్ని పరిశీలిస్తున్నారు. హైదరాబాదు శివార్లలోని బాలాపూర్ వద్ద ఉన్న ఏఆర్‌సీఐ అనే కేంద్ర పరిశోధన సంస్థలో లేజరుతో లోహాలను అతకడం, గట్టిపరచడం వంటి పనులపై ప్రత్యేక విభాగమే ఉంది. 2025 ఏప్రిల్ 13న కర్నూలు వద్ద డీఆర్‌డీఓ 30 కిలోవాట్ల లేజరు ఆయుధాన్ని పరీక్షించి ఎగిరే డ్రోనును కూల్చింది.

పాఠం చెప్పేటప్పుడు వాడే చిన్న లేజరు పుల్లలో ఉండవలసిన శక్తి ఒక మిల్లీవాటు లోపే. దానితో పోల్చితే కర్నూలు కిరణం 3 కోట్ల రెట్లు ఎక్కువ. రేకులు కోసే కర్మాగారాల్లోని లేజర్లు ఈ రెండింటికీ మధ్యన ఉంటాయి. కొన్ని వందల వాట్ల నుండి వేల వాట్ల వరకు పనిచేస్తాయి.

కిరణానికి ఫొటో ఎందుకు?

నూలు సమంగా ఉందో లేదో వడికేవారు వేళ్లతో తడిమి చూస్తారు. లేజరు కిరణం కూడా సమంగా ఉండాలి. నడుమ గుండ్రంగా, పదునుగా ఉండవలసిన కిరణం ఒక పక్కకు ఒరిగినా, రెండుగా చీలినా, కోత వంకర పోతుంది, రేకు అంచు మాడుతుంది. లోపలి అద్దం మసకబారితే ముందుగా తెలిసేది కిరణం రూపులోనే. వైద్యంలో వాడే లేజర్లకూ ఈ తనిఖీ తప్పదు.

అయితే వేళ్లతో తడిమి చూసేందుకు ఇది దారం కాదు. కంటితో చూసేందుకూ వీలులేదు. పూర్వం అక్రిలిక్ దిమ్మను కిరణానికి అడ్డుపెట్టి, కాలిన గుంట ఆకారం చూసి అంచనా వేసేవారు. ఆ పొగ పీలిస్తే మంచిది కాదు. ఇప్పుడు ఆ పనిని కెమెరా చేస్తుంది. కిరణంలో కొద్దిపాటి భాగాన్ని మాత్రం కెమెరాలోకి పంపితే, దాని రూపు కంప్యూటరు తెర మీద రంగురంగులుగా కనబడుతుంది. ఎక్కడ బలం ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నది ఇట్టే తెలుస్తుంది.

చక్రం పని ఇదీ

కార్బన్ డయాక్సైడు లేజరు కిరణం కంటికి కనబడదు. మామూలు ఫొటో కెమెరాకూ అందదు. అందుకని వేడిని పసిగట్టే ఒక రకం స్ఫటికాన్ని వాడతారు. దీనికొక వింత గుణం ఉంది. వేడి మారినప్పుడే అది విద్యుత్తును పుట్టిస్తుంది. వేడి ఎంత ఉన్నా, మారకుండా నిలకడగా ఉంటే అది ఊరుకుంటుంది.

మనిషి వస్తే వెలిగే దీపాలు ఇప్పుడు చాలాచోట్ల ఉన్నాయి. మనిషి నడిస్తే వెలుగుతాయి. కదలకుండా కూర్చుంటే కాసేపటికి ఆరిపోతాయి. దీపం ఆరింది కనుక లోపల మనిషి లేడని కాదు, కదలడం లేదని మాత్రమే. ఆ దీపాల్లో ఉండేదీ ఇటువంటి స్ఫటికమే.

నిలకడగా వచ్చే లేజరు కిరణాన్ని ఈ స్ఫటికానికి చూపించాలంటే, దానిని ఆపి, వదిలి, ఆపి, వదిలి పంపాలి. అందుకే కెమెరా ముందు చక్రాన్ని తిప్పుతారు. రాట్నం చక్రానికి అటువైపు దీపం పెట్టి తిప్పితే, ఆకులు అడ్డొచ్చినప్పుడల్లా వెలుగు తెగి, మళ్లీ వస్తుంది. పాత టూరింగు టాకీసుల ప్రొజెక్టరులో కూడా ఫిల్ము జరిగే క్షణంలో వెలుగును మూసే రెక్క తిరిగేది. చాపరు పద్ధతీ అదే. సెకనుకు 25 సార్లో 50 సార్లో కిరణాన్ని తరుగుతూ ఉంటుంది.

కిరణమే తునకలుగా, అంటే పల్సులుగా వచ్చే లేజర్లు కూడా ఉన్నాయి. వాటికి చక్రం అవసరం ఉండదు. అటువంటప్పుడు చక్రాన్ని ఆపి, దారి తెరిచి ఉంచుతారు. కనుక ముందున్న లేజరు ఏ రకానిదో తెలుసుకోకుండా కెమెరాను ముట్టకూడదు.

ప్రమాదం ఎక్కడ?

చక్రం ఆగిందనుకుందాం. మోటారు చెడవచ్చు, తీగ ఊడవచ్చు. ఆగిన చక్రం రెక్క అడ్డుగా నిలిస్తే కిరణం రెక్క మీద పడుతుంది. రెండు రెక్కల మధ్య ఖాళీ ఎదురుగా నిలిస్తే కిరణం ఆగకుండా స్ఫటికం మీదే పడుతుంది. రెండు సందర్భాల్లోనూ వేడిలో మార్పు ఉండదు కనుక తెర ఖాళీ అవుతుంది.

కొత్తగా చేరిన కుర్రాడు తెర చూసి లేజరు ఆరిపోయిందనుకుంటాడు. కిరణం కంటికి కనబడదు, చప్పుడు ఉండదు. ఏమైందో చూద్దామని కెమెరా ముందు తల పెడతాడు, లేదా చేతిలోని స్పానరు అడ్డుపెడతాడు. స్పానరు మెరుపు మీద తగిలి మళ్లిన కిరణం ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అది పక్కన నిలబడినవాడి కంటికి తగిలినా తగలవచ్చు.

పల్లెల్లో కరెంటు పోయిందనుకుని మోటారు స్టార్టరులో చేయి పెట్టి ప్రాణం పోగొట్టుకునే రైతుల విషాదం అందరికీ తెలిసిందే. దీపం వెలగనంత మాత్రాన తీగలో కరెంటు లేదని నమ్మరాదు. ఫ్యూజు తీశాకే ముట్టాలి. లేజరు విషయంలోనూ అంతే. తెర ఖాళీగా ఉండటం సాక్ష్యం కాదు. తాళం తీసి చేతిలో పెట్టుకోవడమే సాక్ష్యం.

మరో అపోహ కూడా ఉంది. చక్రం తిరుగుతోంది కదా, కిరణం బలం తగ్గుతుందిలే అని కొందరు భావిస్తారు. సగం సేపు మూసి ఉంటుంది కనుక సగటున సగం తగ్గే మాట నిజమే. కాని తెరిచిన క్షణంలో కిరణం పూర్తి బలంతోనే వస్తుంది. చక్రం ఉన్నది బొమ్మ కోసం, రక్షణ కోసం కాదు.

పాటించవలసిన వరుస

ఈ పనిలో స్విచ్చులు వేసే వరుసే సగం రక్షణ.

మొదట లేజరు మీద అంటించిన చీటీ చదవాలి. పసుపు ముక్కోణం గుర్తు పక్కన తరగతి, కాంతి రకం, శక్తి రాసి ఉంటాయి. 4వ తరగతి అంటే అన్నిటికన్నా ప్రమాదకరమైనది. గోడకు తగిలి చెదిరిన వెలుగు కూడా కంటికి హాని చేయగలదు. గుడ్డను, కాగితాన్ని అంటించగలదు.

రెండవది రక్షణ అద్దాలు. ఏ కాంతిని ఆపుతాయో అద్దాల మీదే రాసి ఉంటుంది. అది లేజరు చీటీ మీది అంకెతో సరిపోవాలి. కార్బన్ డయాక్సైడు లేజరు అంకె 10.6 మైక్రాన్లు. లోహపు రేకులు కోసే ఫైబరు లేజరు అంకె సుమారు 1.07 మైక్రాన్లు. ఒకదాని అద్దాలు ఇంకొకదానికి పనికిరావు. ఎండకు పెట్టుకునే నల్లద్దాలు దేనికీ పనికిరావు.

మూడవది ఒంటి మీది మెరుపు వస్తువులు. ఉంగరం, గడియారం, చేతి గొలుసు తీసి పక్కన పెట్టాలి. కూర్చున్నప్పుడు గాని, నిలుచున్నప్పుడు గాని కన్ను కిరణం ఎత్తున ఉండకుండా బల్ల అమర్చుకోవాలి. గది బయట ఎర్రదీపం వెలగాలి. తలుపు తీసుకుని ఎవరూ హఠాత్తుగా రాకూడదు.

నాలుగవది కిరణాన్ని తగ్గించడం. కెమెరాలోని స్ఫటికం చాలా చిన్నది. అసలు కిరణం నేరుగా పడితే మాడిపోతుంది. అందుకని కిరణం దారిలో ఏటవాలుగా ఒక పలక పెట్టి, దానిపై నుండి మళ్లిన కొద్ది వెలుగునే కెమెరాకు పంపుతారు. కంటికి కనబడే వెలుగును మామూలు గాజు పలక ఒక ముఖం మీద నూటికి 4 వంతులు మాత్రమే మళ్లిస్తుంది. 100 వాట్లలో 4 వాట్లు అన్నమాట. ఆ నాలుగును మరో పలక మీద మళ్లిస్తే మిగిలేది వాటులో ఆరవ వంతు కన్నా తక్కువ. కార్బన్ డయాక్సైడు లేజరు వేడిని గాజు తానే పీల్చుకుంటుంది కనుక, దానికి వేరే రకం స్ఫటికపు పలకలు వాడతారు. పలక గుండా దూసుకుపోయిన మిగతా కిరణం అంతా ఒక నల్లని లోహపు దిమ్మలో పడి ఆగాలి. దాని స్థానంలో చెక్కముక్క, ఇటుక, అట్ట పెట్టడం ప్రమాదం.

అయిదవది అసలు వరుస. మొదట కెమెరా, తరువాత చక్రం. చక్రం నిలకడగా తిరుగుతున్న చప్పుడు విని, గుర్తు దీపం చూసి, ఆ పైన లేజరును అతి తక్కువ బలంతో వెలిగించాలి. బొమ్మ వచ్చాక కొద్దికొద్దిగా పెంచుకోవాలి. పని ముగిశాక ఇదే వరుస తిరగేయాలి. ముందు లేజరు ఆపాలి, తాళం తీయాలి. చివరకు చక్రం, కెమెరా.

మధ్యలో బొమ్మ పోతే కెమెరా వైపు నడవరాదు. ఉన్నచోటు నుండే లేజరు ఆపాలి. తాళం చెవి జేబులో వేసుకోవాలి. ఆ తరువాతే దగ్గరకు వెళ్లి చూడాలి. తిరిగే చక్రంలో వేలు గాని, పుల్ల గాని పెట్టరాదు. కిటికీ మీద దుమ్ము పడితే నోటితో ఊదరాదు, పంచె కొంగుతో తుడవరాదు. ఆ మరకే తరువాత కిరణం తగిలి మాడుతుంది.

కన్నుకు జరిగే హాని

అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే రోజుల్లో వేలమంది భక్తులు ఆ వెలుగును చూసి తరిస్తారు. వారు చూసేది విగ్రహం మీద పడిన వెలుగునే. సూర్యబింబంలోకి ఎవరూ గుచ్చి చూడరు. లేజరు దగ్గర పాటించవలసిన మర్యాద కూడా ఇదే. తెర మీది బొమ్మను చూడాలి గాని కిరణంలోకి చూడరాదు.

కంటిలోని కటకం తన మీద పడిన కాంతిని కుదించి, లోపలి రెటీనా పొర మీద సుమారు లక్ష రెట్లు చిక్కగా చేస్తుంది. కంటికి కనబడే వెలుగు అయితే పావు సెకనులో రెప్ప పడుతుంది. చిన్న లేజరు పుల్లల నుండి కాపాడేది ఆ రెప్పే. కనబడని కిరణానికి రెప్ప కూడా పడదు. ఫైబరు లేజరు కిరణం ఇటువంటిదే. నేరుగా రెటీనా వరకు పోతుంది. నొప్పి కూడా తెలియకపోవచ్చు. చూపు నడుమ నల్లమచ్చ ఏర్పడిన తరువాతే తెలుస్తుంది. రెటీనా కాలితే తిరిగి మామూలు కావడం కష్టం. కార్బన్ డయాక్సైడు లేజరు కిరణం లోపలికి పోదు, కాని నల్లగుడ్డు మీది కార్నియా పొరను కాలుస్తుంది.

అనుమానం వస్తే కన్ను నులమరాదు. ఆకు పసర్లు, చనుబాలు, మిగిలిపోయిన చుక్కల మందులు వేయరాదు. అదేరోజు కంటి డాక్టరు దగ్గరకు పోవాలి. లేజరు చీటీ మీది అంకెలు రాసుకుని చూపిస్తే వైద్యానికి ఉపయోగపడుతుంది.

సంబరాల్లోనూ ఇదే పాఠం

కర్మాగారానికి పోనివారికి కూడా ఈ సంగతి పనికొస్తుంది. గ్రామదేవత సంబరాల్లో, వినాయక నిమజ్జనాల్లో, పెళ్లి ఊరేగింపుల్లో లేజరు దీపాలు వాడటం ఎక్కువైంది. వాటి లోపల చిన్న అద్దాలు వేగంగా ఊగుతూ కిరణాన్ని ఆకాశమంతా పరుస్తాయి. అద్దం ఊగుతున్నంతసేపు కిరణం ఎక్కడా నిలవదు. అద్దం ఇరుక్కుంటే కిరణమంతా ఒక్కచోటే నిలుస్తుంది. ఆ ఒక్కచోట తల్లి చంకలోని బిడ్డ కన్ను ఉండవచ్చు. 2008లో రష్యాలో మాస్కోకు దూరంగా జరిగిన ఒక ఆరుబయలు సంగీతోత్సవంలో, జనం మీదకు తిప్పిన లేజరు వల్ల పలువురు యువతీయువకుల చూపు దెబ్బతింది. మన దేశంలో మహారాష్ట్ర గణేశ ఊరేగింపుల్లో కూడా ఇటువంటి ఫిర్యాదులు వచ్చాయి. జనం తలల కన్నా బాగా ఎత్తున, గోడ మీదకో ఆకాశం వైపుకో తిప్పి వాడాలి. జనం మీదకు తిప్పరాదు. ఆ కిరణం వైపు సెల్‌ఫోను పట్టి ఫొటో తీస్తే ఫోను కెమెరా కూడా పాడవుతుంది.

ఇంటివారు అడగవలసిన మూడు ప్రశ్నలు

ఐటీఐలలో, పాలిటెక్నిక్‌లలో చదివే పిల్లలకు పనిలో చేరే ముందే ఒక పూట ఈ జాగ్రత్తలు నేర్పితే ఎంతో మేలు జరుగుతుంది. యజమానులు కూడా రక్షణ అద్దాలను బీరువాలో దాచకుండా మనిషికొక జత చొప్పున ఇవ్వాలి. హెల్పరుగా చేరిన కుర్రాడికి యంత్రం తుడిచే పని చెప్పే ముందు లేజరు తాళం చెవి తీసి వాడి చేతికే ఇస్తే అంతకు మించిన రక్షణ లేదు.

ఇంట్లో పెద్దలు కూడా ఊరుకోనక్కరలేదు. సంక్రాంతికి పొందూరు స్టేషనులో రైలు దిగి ఇంటికి వచ్చిన కొడుకును జీతం ఎంత అని అడగడం సహజమే. దానితోపాటు మూడు మాటలు అడగాలి. నీకు అద్దాలు ఇచ్చారా? ఆ అద్దాల మీది అంకె, యంత్రం మీది అంకె ఒకటేనా? తెర ఖాళీ అయితే ముందు ఏం చేస్తావు?

మూడో ప్రశ్నకు ‘దగ్గరకు వెళ్లి చూస్తాను’ అని జవాబు వస్తే, ఆ అబ్బాయికి ఎవరూ పని నేర్పలేదని అర్థం. ‘ఉన్నచోటు నుండే లేజరు ఆపి, తాళం తీస్తాను’ అన్నవాడిని పండగయ్యాక ధైర్యంగా మళ్లీ రైలెక్కించవచ్చు.